ఇచ్చినోనికి, తీసుకున్నోనికి

దిల్‌సుఖ్‌నగర్,
డిసెంబరు 1969.

చిన్నాయనకు, చిన్నమ్మకు,
ఎలీశమ్మ వందనాలు.

మొత్తానికి కాలేజీ తెరిచిండ్రు. తెలంగాణ ఉద్యమానికి ఇన్ని నెలలు మూసి ఉన్న గదులల్ల గబ్బిలాల వాసన ఇంకా పోలేదు. గోడల మీది నినాదాలకు సున్నం కొట్టిచ్చిండ్రు గని, ఎండ పడితే లోపలి అక్షరాలు కనపడుతనే ఉన్నయి. జైలు చూసొచ్చిన పిల్లలు, జైలు అంటే వణికే పిల్లలు ఒకే బెంచి మీద కూసుంటున్నరు. జర ఇబ్బందిగనే ఉన్నది.

నీకు చెప్పాల్సిన ముచ్చట ఒకటున్నది. మా శాఖకు పెద్ద వెంకట్రావుగారు కొత్త కోర్సు నాకు అప్పజెప్పిండ్రు. నేను కాన్పూరు పోయి నేర్చుకొచ్చిందే, కంప్యూటర్‌కు పని చెప్పుడు. దానికి ఎట్ల చెప్తరే అని నువ్వు అడిగితివి గదా. చెప్పాలనుకున్న ఒక్కొక్క మాటను ఒక్కొక్క అట్టకార్డు మీద చిల్లులుగ కొడతం. ఆ కార్డుల కట్టను వరుస తప్పకుండ లోపలికి పంపితే యంత్రం చదువుకొని లెక్క చేసిస్తది. ఒక్క కార్డు అటు ఇటైనా ఒప్పుకోదు. నీ బడిల నువ్వున్నట్టే.

మార్కులు ఎట్ల ఇయ్యాలె, పిల్లలు ఎట్ల మెలగాలె అన్న రూల్సు గూడ నన్నే రాయమన్నరు. రాద్దామని కూసుంటే నీ బడే యాదికొచ్చింది. పలక చూసి రాసినోన్ని, చూపిచ్చినోన్ని ఇద్దర్నీ నిలబెట్టి ఇద్దరి పలకలు తుడిపిస్తుంటివి. నేను అదే రాసిన. లెక్క గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, బోర్డు మీద గీసుకోవచ్చు, కొట్లాడుకోవచ్చు. కార్డులు మాత్రం ఎవరివి వాళ్లే కొట్టుకోవాలె. కట్ట ఇచ్చినోనికి, తీసుకున్నోనికి ఆ పనికి సున్న. దాని మీద అబద్ధం చెప్తే కమిటీ ముందుకు. సగం మార్కులు ఇంటిపనికి, సగం చివరి పరీక్షకు. ఆలస్యమైతే కొంత కోత. జబ్బు పడ్డోల్లు, కేసులకని కోర్టుల చుట్టు తిరిగేటోల్లు ముందుగాల అడిగితే గడువు పెంచుత. నాకు అనుమానమొస్తే ఎవర్నైనా బోర్డు దగ్గరికి పిలిచి, ఇదెందుకు రాసినవని అడుగుత.

మన సుందరయ్య ఇదే క్లాసుల ఉన్నడు. వాని కాయితాలు ఇంకెవరన్న దిద్దాలె సార్ అని వెంకట్రావుగారిని అడిగిన. ఈ విద్య తెలిసినవాళ్లు మీరు కాక ఇంకెవరున్నారమ్మా అన్నరు. నాకైతే మనసొప్పుతలేదు. వానితోటి గూడ చెప్పిన, క్లాసుల అక్కా అని పిలవకు అని. తల ఊపిండు.

వాడు ఎల్.బి. నగర్‌ల కిరాయి గది బాగనే చూసుకున్నడు. సగం పూటలు ఈడనే, మా వెనక గల్లీల బాపిరాజు అనే దోస్తు ఇంట్ల ఉంటడు.

నీ బిడ్డ,
ఎలీశమ్మ

*

నకిరేకల్,
జనవరి 1970.

ప్రియమైన బిడ్డ ఎలీశమ్మకు,
చిన్నాయన యోబు ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం మీ చిన్నమ్మకు చదివి వినిపించిన. అట్టకు చిల్లులు కొడితే లెక్క ఎట్ల వస్తదో పోచమ్మకు అర్థం కాలేదు. నిజం చెప్తే నాకూ కాలేదు. పలకల ముచ్చట కాడ మాత్రం ఇద్దరం నవ్వుకున్నం. మీ నాయన కాలం చేసిన ఏడు నేను నిన్ను ఎంటబెట్టుకొని బడికి పోతుంటే, ఆడపిల్లకు ఇంత చదువెందుకు పంతులూ అన్న నోర్లున్నయి. ఆ నోర్లే ఇప్పుడు మా ఎలీశమ్మ కాలేజిల చెప్తది అంటున్నయి.

సుందరయ్య సంగతి. నా కొడుకని చూడకు. నా బడిల చదివినన్నాళ్లు వానికి అందరికంటె ఒక దెబ్బ ఎక్కువే పడ్డది, పంతులు కొడుకని ఎవరూ వేలు చూపొద్దని. నువ్వూ అట్లనే ఉండు.

క్రిస్మస్ ఆరాధనల సంఘమంతా వాని పేరు ఎత్తి ప్రార్థన చేసిండ్రు. మన వాడల ఇంజనీరు అనే మాట వానితోనే మొదలు. ముసలోల్లు గూడ వాని చెయ్యి పట్టుకొని వదలలేదు. వానికి సిగ్గైంది, నాకు గర్వమైంది. గర్వం మంచిది కాదని చెప్పేటోన్ని నేనే.

ఆ బాపిరాజు తల్లి పెట్టే పప్పుచారు గురించి వాడు తెగ చెప్పిండు. ఆంధ్రోల్ల పిల్లగాడైనా, నిరుడు రోడ్ల మీద రాళ్లు పడుతున్నప్పుడు గూడ ఈ ఇద్దరు ఇడిపోలేదట. విని సంతోషమైంది. మనకు జరిగిన అన్యాయం అన్యాయమే. అన్నం పెట్టిన ఇల్లు అన్నం పెట్టిన ఇల్లే.

నీ చిన్నాయన,
యోబు

*

దిల్‌సుఖ్‌నగర్,
ఫిబ్రవరి 1970.

చిన్నాయనకు వందనాలు.

ఉత్తరం ఆలస్యమైంది, ఏమనుకోకు. కాలేజిల పని ఎక్కువున్నది. ఏడాది నష్టపోయినం, అందర్ని పాస్ చెయ్యాలె అని కొందరు పిల్లలు వెంకట్రావుగారి గది ముందు కూసున్నరు. గడువు పెంచుత, పాఠాలు మల్ల చెప్త, ఆదివారం గూడ యంత్రం తెరిపిస్త గని, రానిది వచ్చినట్టు రాయను అని చెప్పిన. ఒకడు నా మొహం మీదనే, మీరు మనోల్లేనా మేడం అన్నడు. నల్గొండ జిల్లాల పుట్టి ఆ మాట పడాల్సి వచ్చింది.

సుందరయ్య కులాసానే.

చిన్నమ్మ మోకాళ్ల నొప్పులకు మిషన్ దవాఖానల చూపించు. ఇంకేం రాయాల్నో తోస్తలేదు.

ఎలీశమ్మ

*

నకిరేకల్,
ఫిబ్రవరి ఆఖరు.

బిడ్డా ఎలీశమ్మా,

శనివారం బస్సుకు సుందరయ్య ఇంటికొచ్చిండు. పళ్లెం ముందల పెడితే చెయ్యి కడుక్కోలేదు. తల్లి ఎంత బతిలాడినా ఒక్కటే మాట, అక్క నాకు సున్న ఏసింది అని. నేను అడిగితే, బాపిరాజు నా కార్డులు ఎత్తుకపోయిండు, అక్క వాన్నే ఎనకేసుకొస్తున్నది అన్నడు. కమిటీ కూసుంటదట గదా. తప్పు రుజువైతే కాలేజిలకెల్లి తీసేస్తరట.

నువ్వు కులాసానే అని రాస్తివి. నీ ఉత్తరాలల్ల ఇంత చిన్న మాట నేనెప్పుడు చూడలేదు.

ఉన్నదున్నట్టు రాయి. దాచకు.

యోబు

*

దిల్‌సుఖ్‌నగర్,
మార్చి 1970.

చిన్నాయనకు,

దాచిన మాట నిజం. కోపం చల్లారినంక వాడే దిద్దుకుంటడు, నీ దాకా రావద్దు అనుకున్న. ఇప్పుడు నా చేతులల్ల లేదు, అందుకని మొత్తం రాస్తున్న.

బస్సు టికెట్ల లెక్క ఒకటి ఇంటిపనిగ ఇచ్చిన. ఎక్కినకాడ, దిగినకాడ చెప్తే యంత్రం టికెట్టు ఎంతనో చెప్పాలె. సుందరయ్య కట్ట, బాపిరాజు కట్ట రెండూ ఒకే తప్పు లెక్క ఇచ్చినయి. ఆఖరి స్టేజిని రెండుమార్లు కూడినయి. కార్డులు పక్కపక్కన పెట్టి చూసిన, ఒక్క చిల్లు తేడా లేదు.

ఇద్దర్ని వేర్వేరుగ బోర్డు దగ్గరికి పిలిచిన. బాపిరాజు మొదటి నుంచి చివరి దాకా గడగడ రాసిండు. తప్పు కాడికొచ్చినంక వాడే ఆగి, ఆఖరు స్టేజి రెండుసార్లు వచ్చేసిందండీ అని తుడిచిండు. కార్డులు ఎవరికన్న ఇచ్చినవా అని అడిగిన. ఇచ్చానండి, సుందరానికి ఆ వారం జ్వరం, రూలు తెలిసే ఇచ్చాను అన్నడు.

సుందరయ్య చాక్‌పీసు పట్టుకొని నిలబడ్డడు. మొదటి వాక్యమే రాయలేకపోయిండు. నాకు చూడబుద్ధి గాలేదు. జ్వరమొస్తే గడువు అడగొద్దా తమ్ముడూ అన్న. వాడు నేల చూసుకుంట, "అడిగితే అక్క తమ్మునికి ఇచ్చిందంటరు. అందుకే అడగలే. వాన్నడిగి తీసుకున్న" అన్నడు. ఆ మాటకు నాకు కోపం గూడ రాలేదు చిన్నాయనా. మనిద్దరం వాన్ని ఎట్ల పెంచినమో అట్లనే ఉన్నది ఆ మాట.

రూలు ప్రకారం ఇద్దరికి సున్న ఏసి నోటీసు అంటించిన. అంతటితోటి అయిపోయేది. కని నోటీసు కాడ పిల్లలు గుమిగూడి, పంతులమ్మ తమ్మునికే సున్న పడ్డది అని నవ్విండ్రు. వీడు తట్టుకోలేకపోయిండు. బాపిరాజు నా కార్డులు దొంగిలించిండు అన్నడు. ఒక్క మాట. ఆంధ్రోడు మన పిల్లగాని కష్టం దోచుకున్నడని పొద్దుమీకే లోపల కాలేజి గోడల మీద రాసిండ్రు. తెల్లారి దిల్‌సుఖ్‌నగర్‌ల బాపిరాజు ఇంటి గేటు మీద రాళ్లు పడ్డయి. వాళ్ల నాయన సర్కారు ఆఫీసుల గుమాస్తా, నోట్లె నాలుక లేని మనిషి. తల్లి అండాలమ్మగారిని ఆ రోజు సంది మా గల్లీల ఎవరూ చూడలేదు.

మన పిల్లలు నిరుడు ప్రాణాలిచ్చింది నిజమైన బాధకు. నా తమ్ముడు ఆ బాధను అడ్డం పెట్టుకొని ఒక సున్న దాచుకున్నడు. నాకు సిగ్గయితున్నది.

వచ్చే వారం కమిటీ. నన్ను పిలుస్తరు.

ఎలీశమ్మ

*

నకిరేకల్,
మార్చి 1970.

ఎలీశమ్మా,

నీ ఉత్తరం పోచమ్మకు చదివి వినిపియ్యలేదు. కళ్లద్దాలు కనపడతలేవని చెప్పిన.

ఈ ఉత్తరం మూడుమార్లు రాసి చింపిన. ఇన్నేండ్ల పంతులు బతుకుల నేను ఎవర్నీ ఒక్క మార్కు అడగలేదు, నన్ను అడిగినోల్లకు ఇయ్యలేదు. ఇయ్యాల నిన్ను అడుగుతున్న.

సున్న సున్నలాగనే ఉండనియ్యి. ఇద్దరికీ పడ్డది, అది న్యాయం. కని బోర్డు కాడ వాడు నీతోటి అన్న మాట నీకు, వానికి, దేవునికి తెలుసు. ఆ మాటను కమిటీల పెట్టకు. నువ్వు అబద్ధం చెప్పమని అంటలేను. చెప్పకుండ ఊకోమంటున్న. వాన్ని తీసేస్తే మల్ల ఏ కాలేజి రానియ్యదు. సంఘమంతా పేరు పెట్టి ప్రార్థన చేసిన పిల్లగాడు. నేను ఆదివారం వాళ్ల ముందర నిలబడి వాక్యం చదవాలె.

నువ్వు మా ఇంట్ల పెరిగినవని గుర్తు చెయ్యను. చెయ్యనని రాసుడే గుర్తు చేసుడని నాకు తెలుసు.

ఇది చదివినంక పొయ్యిల పెట్టు.

యోబు

*

దిల్‌సుఖ్‌నగర్,
మార్చి 1970.

చిన్నాయనకు,

కమిటీ అయిపోయింది. నీ మాట నిలబెట్టిన.

బయట పిల్లలు అరుస్తున్నరు. లోపల పెద్ద బల్ల చుట్టు అయిదుగురు. సుందరయ్య, దొంగిలించిండు అన్నడు. బాపిరాజు, నేనే ఇచ్చాను, దొంగతనం కాదు అన్నడు. దొంగతనం పేరు తప్పించుకునేతందుకు ఇచ్చినట్టు చెప్తున్నవు గదా అని ఒకాయన అడిగిండు. వెంకట్రావుగారు నా దిక్కు తిరిగి, మీరు ఇద్దర్నీ విచారించారు కదమ్మా, ఏమన్నా తెలిసిందా అన్నరు.

బాపిరాజు గూడ నా దిక్కే చూసిండు. వానికి పరేషాన్ లేదు. మేడం చెప్తరు అన్నట్టే చూసిండు.

కట్టలు రెండూ ఒకటే, అంతకంటె చెప్పలేను అన్న.

బాపిరాజును ఈ ఏడు పరీక్షకు కూసోనియ్యొద్దని తీర్మానం చేసిండ్రు. మందలింపుతోటి సుందరయ్యను ఇడిచిపెట్టిండ్రు. బయటికొచ్చినంక వెంకట్రావుగారు మెల్లగ అన్నరు, "నేనూ కోస్తా వాణ్ణే. ఆ కుర్రాడి తరఫున నోరెత్తితే ఇవాళ ఈ భవనం ఉండదు. మీరు మాట్లాడతారనుకున్నానమ్మా" అని.

పిల్లలు సుందరయ్యను భుజాల మీద ఎత్తుకున్నరు.

నా రూల్సు కాయితం ఇంకా నోటీసు బోర్డు మీదనే ఉన్నది. దాని పక్కనుంచి పోవాలంటే చుట్టు తిరిగి పోతున్న. నువ్వు పొయ్యిల పెట్టమన్న ఉత్తరం పెట్టిన. అన్నం ఒకటే పోతలేదు.

ఎలీశమ్మ

*

నకిరేకల్,
ఏప్రిల్ 1970.

బిడ్డా,

నేను పట్నం వచ్చిపోయిన. నీ గల్లీ మొదలు దాకా వచ్చి నిలబడ్డ, ఎనక్కి తిరిగిన. నీకు మొహం చూపియ్యలేక.

నీ ఉత్తరం అందిన తెల్లారే బస్సెక్కిన. ఎల్.బి. నగర్‌ల దిగి సుందరయ్య గదికి పోయిన. వాడు పండుకొని గోడ దిక్కు చూస్తున్నడు. అంగీ ఏసుకో, నడువు అన్న. ఎక్కడికి బాపూ అని అడగలేదు. ఎండల ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచినం. దారి పొడుగూత నేనూ ఒక్క మాట అనలేదు. అనేదానికి నాకేం హక్కున్నది.

వాళ్ల ఇంటి ముందర లారీ నిలబడ్డది. మంచాలు, బీరువా ఎక్కిస్తున్నరు. తండ్రి బెజవాడకు బదిలీ అడుక్కున్నడట. గేటుకు రాళ్ల సొట్టలు అట్లనే ఉన్నయి. సుందరయ్య గేటు కాడనే ఆగిపోయిండు. నేను లోపలికి పోయి అండాలమ్మగారికి దండం పెట్టిన. నేను ఆ పిల్లగాని తండ్రిని, మీ బాబు దొంగ కాదు, నా కొడుకు అబద్ధం ఆడిండు అని చెప్పిన.

ఆమె గిన్నెలు చుట్టుకుంటున్న పాత చీర పక్కకు పెట్టింది. కూర్చోమని కుర్చీ చూపింది. ఇంత జరిగినంక నాకు కుర్చీ చూపింది బిడ్డా. కూసోలేకపోయిన. అప్పుడామె గేటు దిక్కు చూసుకుంట మెల్లగ చెప్పింది.

"మీ అబ్బాయికి నా చేత్తో వడ్డించానండీ. రాళ్లు పడిన రోజు కిటికీలోంచి చూశాను. ఆ గుంపులో వాడూ ఉన్నాడు. వాడు రాయి వెయ్యలేదు. ఊరికే నిలబడ్డాడు. వేసిన వాళ్ల మొహాలు నాకు గుర్తు లేవు."

బాపిరాజు లోపలికెల్లి పుస్తకాల పెట్టె మోసుకొచ్చిండు. నా మాటలు విన్నట్టే ఉన్నడు. పెట్టె దించి, "కార్డులు ఇవ్వడం నా తప్పేనండి, ఆ సున్నా నాదే" అన్నడు. మల్ల అడిగిండు, "మేడంగారు మా ఇద్దర్నీ బోర్డు దగ్గరకి పిలిచారండి. ఆవిడకి తెలుసు కదండీ?"

నేనే ఊకోమన్న అని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నా కొడుకు తప్పు చెప్పుకునేతందుకు అంత దూరం పోయిన, నా తప్పు చెప్పుకునేతందుకు నోరు రాలేదు.

ఎల్లొచ్చేటప్పుడు సుందరయ్య గేటు పట్టుకొని ఏడుస్తున్నడు. ఆ పిల్లగాడు వాన్ని చూసిండు గని దగ్గరికి రాలేదు. లారీ ఎక్కి కూసున్నడు.

నేను నీతోటి అన్న మాట ఎనక్కి తీసుకుంటున్న. తీసుకుంటే అయిపోదని తెలుసు. సుందరయ్యను వెంకట్రావుగారి కాడికి పోయి ఉన్నది చెప్పమన్న. పోత అన్నడు. నీ సంగతి నీకే ఇడిచిపెడుతున్న. ఒకసారి చెప్పిందే ఎక్కువైంది.

చిన్నాయన

*

దిల్‌సుఖ్‌నగర్,
ఏప్రిల్ 1970.

చిన్నాయనకు,

నీ ఉత్తరంల బాపిరాజు అడిగిన మాట కాడ ఆగిపోయిన. ఇంకా ఆడనే ఉన్న.

సుందరయ్య నాకంటె ముందే పోయిండు. నేను వెంకట్రావుగారి గదికి పోయేసరికి వాడు చెప్పుడు అయిపోయి బయటికొస్తున్నడు. నన్ను చూసి పక్కకు తప్పుకున్నడు. నేను లోపలికి పోయి, నాకు మొదటి నుంచి తెలుసు సార్, కమిటీల కావాలని ఊకున్న అని చెప్పిన.

ఆయన "కుర్రాడే వచ్చి ఒప్పుకున్నాడు కదమ్మా. అది చాలు. మీ పేరు ఇందులోకి రావడం ఎందుకు? ఈ కోర్సు మీరు లేకపోతే ఆగిపోతుంది" అన్నరు. మాట మంచిగనే ఉన్నది. నాకు అనువుగ గూడ ఉన్నది. సరే సార్ అన్న.

రెండోసారి ఊకున్న చిన్నాయనా. ఈసారి నన్నెవరూ అడగలేదు.

బాపిరాజు మీది తీర్మానం కొట్టేసిండ్రు. పరీక్షకు రావచ్చని కాలేజి తరఫున బెజవాడకు కబురు పంపిండ్రు. అక్కడి కాలేజిల చేర్చుకున్నమని, ఇక రాడని వాళ్ల నాయన జవాబు రాసిండు. మర్యాదగనే రాసిండు. నిందగ ఒక్క మాట గూడ లేదు.

ఆ శిక్ష సుందరయ్యకు పడ్డది, ఈ ఏడు పరీక్షకు కూసోడు. వచ్చే ఏడు మల్ల ఇదే తరగతి. నిన్నటిదాకా భుజాల మీద ఎత్తుకున్న పిల్లలు ఇయ్యాల వాన్ని పలకరిస్తలేరు.

ఎలీశమ్మ

*

నకిరేకల్,
మే 1970.

ప్రియమైన బిడ్డకు,

సుందరయ్య ఇంటికాడనే ఉన్నడు. పొద్దుగాల లేచి నీళ్లు తెస్తడు, తల్లికి మోకాళ్లకు నూనె రాస్తడు, ఎవరితోటి మాట్లాడడు.

పోయిన ఆదివారం ఆరాధనల, పరీక్షలు దగ్గరికొచ్చినయి, మన సుందరయ్య కోసం ప్రార్థన చేద్దాం అన్నడు సంఘపెద్ద. నేను లేచి నిలబడ్డ. వాడు పరీక్షకు కూసుంటలేడు, తోటి పిల్లగాని మీద అబద్ధం చెప్పినందుకు శిక్ష పడ్డది అన్న. ఆడికే ఆగితే అది వాని సిగ్గు అయ్యేది. అందుకే ఇంకో మాట గూడ చెప్పిన, "వాడు భయపడి చెప్పిండు. నేను తెలిసి తెలిసి ఆ అబద్ధాన్ని కాపాడుమని ఇంకొకర్ని అడిగిన. ఆ అడిగింది ఎక్కువ పాపం" అని. నీ పేరు తియ్యలేదు. అది నేను తియ్యాల్సింది కాదు.

ఎనకకెల్లి ముసలి రాములమ్మ, "అయితే దానికోసమే చేద్దాం పంతులూ, కూసో" అన్నది. చేసిండ్రు. నేను కండ్లు మూసుకోలేకపోయిన.

సుందరయ్య ఆ రాత్రి నా పక్కన కూసొని అన్నం తిన్నడు. చానా రోజులకు.

నీ చిన్నాయన,
యోబు

*

దిల్‌సుఖ్‌నగర్,
జులై 1970.

చిన్నాయనకు, చిన్నమ్మకు,
ఎలీశమ్మ వందనాలు.

సుందరయ్య క్షేమంగ చేరిండు. పాత గదిలనే దిగిండు. క్లాసుల చివరి బెంచి మీద ఒక్కడే కూసుంటున్నడు. వాని కాయితాలు దిద్దేతందుకు మద్రాసు నుంచి కొత్తగ వచ్చిన ఒక లెక్చరర్ ఒప్పుకున్నడు. ఇది నిరుడే పట్టుబట్టి చేపిచ్చుకోవాల్సింది.

మొన్న కొత్త పిల్లలకు రూల్సు చదివి వినిపిచ్చిన. ఇచ్చినోనికి, తీసుకున్నోనికి కాడికి వచ్చినంక ముందు బెంచి పిల్లగాడు లేచి, ఈ రూలు మీద నిరుడు పెద్ద లొల్లి అయిందట గదా మేడం, ఏమైంది అని అడిగిండు. మిగిలినోల్లు నవ్విండ్రు. అది మనకొద్దు, కూసో అందామనుకున్న.

ఎనక బెంచి కదిలిన సప్పుడైంది. సుందరయ్య లేచి నిలబడ్డడు.

"అది నా సంగతి. నేను చెప్త" అన్నడు.

చెప్పిండు. జ్వరం సంగతి చెప్పలేదు, ఎవరి తమ్ముడో చెప్పలేదు. అడిగి తీసుకున్న, దొంగ అన్న, వాళ్ల ఇంటి మీద రాళ్లు పడుతుంటే నిలబడి చూసిన అని చెప్పిండు. నేను బోర్డు దిక్కు తిరిగి నిలబడ్డ. వాని మొహం చూడలేక కాదు, నా మొహం వాళ్లకు కనపడొద్దని.

కమిటీ కాడికి వచ్చేసరికి ఆగిండు. "కమిటీకి నిజం తెల్వక వానికి శిక్ష ఏసిండ్రు" అని, నన్ను ఇడిచిపెట్టి, కూసోబోయిండు.

పిల్లలందరు వాని దిక్కే చూస్తున్నరు. నా దిక్కు ఒక్కరు గూడ చూస్తలేరు. అట్లనే పాఠం మొదలుపెట్టొచ్చు. మూడోసారి ఊకోవచ్చు.

చాక్‌పీసు బల్ల మీద పెట్టి ఇటు తిరిగిన. కమిటీల ఒక్కరికి తెలుసు అన్న. ఎవరికి మేడం అన్నరు.

మిగిలింది నేను చెప్పిన.

ఎలీశమ్మ